2014 రెనో డస్టర్ డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌ల తీసుకోవచ్చా? ఏమేం చూస్కోవాలె?

జడ్చర్ల అన్న అడిగింది 85 పీఎస్ (పీఎస్ అంటే ఇంజన్ పవర్ లెక్క) బండి గురించి, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిందట. నాది నల్లగొండ, నేను కూడా అదే ఇంజన్ బండి సెకండ్ హ్యాండ్‌లనే తీసుకొని నడుపుతున్న. తీసుకోవచ్చన్నా. కానీ రేటు మాట్లాడేముందు టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వులు ఒకే లెక్కల కదిలేటట్టు చేసేది) సంగతి తేల్చుకోండి.

దీంట్ల ఉన్నది 1461 సీసీ కె9కె ఇంజన్. నిస్సాన్ కార్లు టెర్రానోల, డీజిల్ సన్నీల కూడా ఇదే ఉంటది కాబట్టి చేయి తిరిగిన మెకానిక్‌లు దొరుకుతరు. అయితే చైన్ కాదు, రబ్బరు బెల్టు. అది తెగితే పిస్టన్లు పోయి వాల్వులకు కొడ్తయి, ఇంజన్ పైభాగం, అదే హెడ్, దించుడే. తెగేముందు సప్పుడు కూడా చెయ్యకపోవచ్చు. "మొన్ననే మార్పించినం" అని నోటిమాట చెప్తరు. బిల్లు చూపియ్యమనండి. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు రేటుల తగ్గించమనండి. తిరిగింది తక్కువే అన్నా సరే, ఏండ్లు గడిస్తే రబ్బరు పాతదే. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతది, అందుకే బెల్టు, దాన్ని బిగువుగ పట్టే టెన్షనర్, పంపు ఒక్కసారే ఏపియ్యాలె.

బండి చూడనీకి పొద్దుగాల్నే పోండి, వస్తున్నమని ముందు ఫోన్ చెయ్యకుండ. పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగుంటే మీరు రాకముందే స్టార్ట్ చేసిన్రన్నట్టు. చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకోవాలె. రేస్ ఇచ్చినప్పుడు నల్లపొగ బాగా కొడితే ఈజీఆర్ వాల్వుల (పొగను కొంత మళ్ల ఇంజన్‌లకు పంపేది) మసి పట్టి ఉండొచ్చు. ఊర్లెనే కొంచెం కొంచెం దూరం తిరిగే డీజిల్ బండ్లకు ఇది ఎక్కువ.

నడిపినప్పుడు 1,800 ఆర్‌పీఎం లోపల గుంజకపోతే పరేషాన్ కావద్దు, దీని టర్బో అంతే. డస్టర్‌లనే 110 పీఎస్ దాంట్ల ఆరు గేర్లు, పికప్ వేరే లెవల్. కానీ మన దిక్కు రోడ్లకు 85 సాలు, టర్బో కూడా సాదాది. గుంతలల్ల మెల్లగ దించితే ముందు నుంచి టక్ టక్ అంటే సస్పెన్షన్‌ల లింక్ రాడ్లో, లోయర్ ఆర్మ్ బుష్‌లో పోయినట్టు. ఈ వయసు బండికి అది మామూలే. గ్రౌండ్ క్లియరెన్స్ 205 ఎంఎం, డిక్కీ 475 లీటర్లు. పొలం బాటకైనా పెండ్లికైనా దిగులు లేదు.

ఇగ ఏసీ. కోతల టైంల మా మిర్యాలగూడ దిక్కు రోడ్ల మీదనే వడ్లు ఆరబోస్తరు, పొట్టు మొత్తం బండి మూతిలకు పోతది. ఎండాకాలం నా బండిల ఏసీ చల్లగ రాకపోతే గ్యాస్ పట్టిద్దామనుకున్నం. మెకానిక్ ముందు బంపర్ విప్పితే కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి పంపే జాలి) రెక్కల నడుమ పొట్టు, దుమ్ము, చిన్న చిన్న గడ్డిపోసలు గోడకు మెత్తినట్టు అతుక్కొని ఉన్నయి. ప్రెషర్ ఎక్కువ పెడితే రెక్కలు వంగుతయని సన్నటి నీళ్ల ధారతో కడిగిండు. కింద అంతా బురద నీళ్లు. గ్యాస్ ముట్టకుండనే చల్లగైంది. మీకు కూడా గ్యాస్ పట్టియ్యాలని చెప్తే, ముందు అది కడిగిచ్చి చూడండి.

ఆర్సీల రిజిస్ట్రేషన్ తారీఖు చూస్కోండి. 2014ది అంటే 2029ల పదిహేనేండ్లు నిండుతయి, అప్పుడు ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేసుకోవాలె. అమ్మేటాయన ఇది చెప్పడు, బేరంల మీరే ఎత్తండి.