అయిదోసారి విండోస్ వేసే ముందు

తార్నాక, హైదరాబాద్
ఆదివారం పొద్దున

చిన్నా,

రాత్రి పన్నెండున్నరకి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ ఇప్పుడే విన్నాను. "పెద్దమ్మా, నాలుగుసార్లు వేశా, నాలుగుసార్లూ ఆగిపోయింది, పొద్దున లేచి మళ్ళీ వేస్తా" అన్నావు. వేయకు. ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టి ముందు ఇది చదువు. ఫోన్‌లో చెబితే సగం విని "ఆఁ ఆఁ, తెలిసింది" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

1998లో కాలేజీ ల్యాబులో చేరినప్పుడు విండోస్ 98 సీడీతోపాటు బూట్ ఫ్లాపీ కూడా పట్టుకుని తిరిగేదాన్ని. ప్రతి జూన్‌లో పిల్లలు రాకముందే అరవై మిషన్లకి ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయడం నా పని. రిటైరయ్యేదాకా అదే చేశాను. అన్నేళ్ళలో ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయిన మిషన్లు ఎన్నో చూశాను గానీ, తప్పు విండోస్‌దే అని తేలినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పెన్‌డ్రైవ్‌దో, డిస్క్‌దో, ర్యామ్‌దో, బయాస్‌లో (విండోస్ రాకముందే మిషన్‌ని లేపే సెట్టింగుల తెరలో) ఏదో సెట్టింగ్‌దో అయి ఉండేది. అవేవీ చూడకుండా నువ్వు మళ్ళీ మొదలుపెట్టడం ఎలా ఉందంటే, దోసె పెనానికి అంటుకుపోతుంటే మంట తగ్గించకుండా, పెనం తుడవకుండా ఇంకో గరిటె పిండి పోసినట్టుంది.

అసలు ఎక్కడ ఆగిందో నువ్వు చెప్పనేలేదు. పంపిన ఫొటోలో ట్యూబ్‌లైటూ, దాని కింద నీ మొహమూ కనిపిస్తున్నాయి. ఎర్రర్ కోడ్ మాత్రం కనిపించట్లేదు. పెన్‌డ్రైవ్ నుంచి బూటే అవ్వలేదా, అంటే మిషన్ దాంతో మొదలవనే లేదా? డిస్క్ ఎంచుకునే చోట ఏమీ చూపించలేదా? ఫైళ్ళు కాపీ అవుతూ ఏదో ఒక శాతం దగ్గర నిలిచిపోయిందా? రీస్టార్ట్ అయ్యాక మళ్ళీ మొదటికొచ్చిందా? ఒక్కోదానిది ఒక్కో జబ్బు. ఇంకోటి, నాలుగుసార్లూ ఒకేచోట ఆగిందా, ఒక్కోసారి ఒక్కోచోట ఆగిందా? ఒకేచోట అయితే పాడైన ఫైలో, సెట్టింగో అనుకుంటాను. చోటు మారుతోందంటే నా అనుమానం ముందు ర్యామ్ మీదకి, తర్వాత వేడి మీదకి పోతుంది. నోట్‌బుక్ తీసి రాయి. ఒకసారికి ఒక్కటే మార్చు, ఏం మార్చావో, ఏమైందో రాసుకో. పెన్‌డ్రైవూ, పోర్టూ, బయాస్ సెట్టింగూ మూడూ ఒకేసారి మారిస్తే, పని అయినా దేనివల్ల అయిందో తెలీదు.

ఇన్‌స్టాల్ సంగతి తర్వాత. నీ ప్రాజెక్టు ఫైళ్ళు ఎక్కడున్నాయి? డిస్క్ ఎంచుకునే చోట పార్టిషన్లు, అంటే డిస్క్‌లోని భాగాలు, డిలీట్ చేశావా, లేక అంతదాకా పోనేలేదా? పోకపోతే నీ అదృష్టం. మీ రూమ్‌మేట్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే లైనక్స్) పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసి, దాంతో నీ ల్యాప్‌టాప్ బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై ఉబుంటు' అని నొక్కు. డిస్క్ తెరుచుకుంటే ఫైళ్ళన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకో. పాస్‌వర్డ్ అడిగితే డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం పడి ఉందన్నమాట. నువ్వు వేయకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగినైన చాలా ల్యాప్‌టాప్‌లలో అది దానంతటదే పడిపోతుంది. 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. ఫోన్‌లో అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, నీ డివైజుల కింద వెతుకు. ఆ కీ లేకపోతే లోపలి ఫైళ్ళు ఎవరూ తీయలేరు. తీస్తామని డబ్బులడిగేవాళ్ళని నమ్మకు. పార్టిషన్లు అప్పటికే డిలీట్ చేసి ఉంటే, ఫైళ్ళు కావాలో వద్దో ఇప్పుడే తేల్చుకో. కావాలంటే ఆ డిస్క్ మీద ఇక ఏమీ రాయకూడదు. ఎస్‌ఎస్‌డీ అయితే, నిజం చెప్పాలంటే, పెద్దగా ఆశ పెట్టుకోకు.

డిస్క్ విషయంలో ఇంత నస ఎందుకు పెడుతున్నానో చెబుతాను. 2011లో మా ల్యాబులో ఒక మిషన్‌కి డిస్క్ తుడవాలి. పక్కనే ఎవరో బయటి హార్డ్‌డిస్క్ గుచ్చి వదిలేసి వెళ్ళారు. నేను చూసుకోలేదు. కమాండ్లు టైపు చేసే నల్ల తెర మీద డిస్క్ 0 బదులు డిస్క్ 1 ఎంచుకుని 'క్లీన్' అని కొట్టాను. ఆ కమాండ్ "నిజంగానా?" అని ఒక్కసారి కూడా అడగదు. రెండు సెకన్లలో రెండేళ్ళ ఇంటర్నల్ మార్కులు పోయాయి. పేపరు రిజిస్టర్లు ముందేసుకుని తొమ్మిది రోజులు మళ్ళీ టైపు చేశాను. మా హెడ్డు ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. అందుకని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్ తప్ప ల్యాప్‌టాప్‌కి ఇంకేదీ తగిలించి ఉంచకు.

ఇక పెన్‌డ్రైవ్. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్నదేనా? అయితే ముందు దాన్ని పక్కన పడేయి. 64 జీబీ అని రాసి ఉండి లోపల 8 కూడా ఉండనివి నేను చూశాను. కాపీ అయినట్టే చూపిస్తాయి, చదివేటప్పుడు తెల్లమొహం వేస్తాయి. కనీసం 8 జీబీ ఉన్న మంచి పెన్‌డ్రైవ్ కావాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తోనే తయారుచేయి. మీ రూమ్‌మేట్ చేసినట్టు ఐఎస్‌ఓ (విండోస్ మొత్తం ఒక్క ఫైలుగా దిగేది) తెరిచి లోపలివి కాపీ, పేస్ట్ కొట్టకు. బూట్ కోసం పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తారు కదా, దాంట్లో 4 జీబీకి మించిన ఫైలు ఒక్కటి కూడా పట్టదు. ఐఎస్‌ఓలోని ముఖ్యమైన ఇన్‌స్టాల్ ఫైలు ఇప్పుడు అంతకంటే పెద్దదే ఉంటోంది. అది లేకుండా మిగతావన్నీ ఎక్కుతాయి, బూట్ కూడా అవుతుంది, తీరా ఎక్కించే సమయానికి చేతులెత్తేస్తుంది. మీ హాస్టల్ వైఫై గంటకోసారి తెగుతుందన్నావు. డౌన్‌లోడ్ మధ్యలో దెబ్బతిన్నా ఇదే గొడవ. 80070570 అని ముగిసే కోడ్ వచ్చిందంటే ఫైలు పాడైందనో, చదవలేకపోయిందనో అర్థం. పెన్‌డ్రైవ్ మళ్ళీ తయారుచేసి వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడు. "మీడియా డ్రైవర్ లేదు" (డ్రైవర్ అంటే హార్డ్‌వేర్‌తో విండోస్‌కి మాట కలిపే చిన్న సాఫ్ట్‌వేర్) అన్న మెసేజ్ కూడా చాలాసార్లు పోర్టు మారిస్తే పోతుంది. పేరు చూసి డ్రైవర్ కోసం రాత్రంతా వెతికేవు.

ఇప్పుడు నీ కేసులో నేను ఎక్కువగా అనుమానిస్తున్నది చెబుతాను. నీది ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ కదా? ఆ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అని ఒకటి ఆన్‌లో ఉండి వస్తోంది. ఎస్‌ఎస్‌డీకీ విండోస్‌కీ మధ్య అదొక గుమ్మం అనుకో. ఆ గుమ్మం తాళంచెవి, అంటే ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్, ఇన్‌స్టాలర్ దగ్గర లేకపోతే డిస్క్ ఎంచుకునే చోట ఖాళీ జాబితా కనిపిస్తుంది. అది చూసి జనం "ఎస్‌ఎస్‌డీ పోయింది" అని గుండెలు బాదుకుంటారు. షాపులో కొందరు కొత్తది అమ్మేస్తారు కూడా. ముందు బయాస్‌లోకి వెళ్ళి చూడు. అక్కడ ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోందంటే అది బతికే ఉంది. నీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ నంబరు కొట్టి, స్టోరేజ్ కింద ఉన్న ఆ డ్రైవర్ దించుకో. అది ఒక్క ఫైలుగా వస్తే, రూమ్‌మేట్ మిషన్‌లో విప్పి, ఆ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టు. జిప్పుగానో, ఈఎక్స్‌ఈగానో పెడితే ఇన్‌స్టాలర్‌కి కనిపించదు. తర్వాత జాబితా ఖాళీగా ఉన్నచోటే 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డరు చూపించు. డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

బయాస్‌లో వీఎండీని ఆపేసినా పని అవుతుంది, చాలామంది అదే చెబుతారు. కానీ పాత విండోస్ ఇంకా డిస్క్ మీద ఉండి, దాన్నే బతికించుకోవాలనుకుంటే ఆపకు. ఆపితే అది నీలం తెర చూపించి కూర్చుంటుంది. అంతా తుడిచి కొత్తగా వేసేటట్టయితే నీ ఇష్టం. నేనైతే డ్రైవర్ దారే పడతాను, కంపెనీవాడు పెట్టిన సెట్టింగ్ కదపడం నాకు నచ్చదు.

డిస్క్ కనిపించి, "ఎంబీఆర్ డిస్క్ మీద వేయలేను" అంటే అది పాత రకం పార్టిషన్ పట్టిక సమస్య. యూఈఎఫ్ఐ, అంటే కొత్త రకం బయాస్ ఉన్న మిషన్లకి జీపీటీ అనే కొత్త రకం పట్టిక కావాలి. ఫైళ్ళు బయటికి తీసేశాక, ఇన్‌స్టాలర్‌లోనే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది. అందులో వరుసగా ఈ కమాండ్లు కొట్టు: డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సైజు చూసి సరైనది సెలెక్ట్, క్లీన్, కన్వర్ట్ జీపీటీ. సైజు చూసి అన్నాను, నంబరు చూసి అనలేదు. ఎందుకో పైన చెప్పాను.

డిస్క్ కనిపించీ, పెన్‌డ్రైవ్ మార్చీ, ఇంకా మధ్యలోనే ఆగిపోతుంటే హార్డ్‌వేర్ చూడాలి. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో పరీక్ష లోపలే ఉంటుంది. డెల్‌లో ఎఫ్12 మెనూలో డయాగ్నస్టిక్స్ అని, హెచ్‌పీలో ఆన్ చేస్తూ ఎఫ్2. డిస్క్ దగ్గర ఫెయిల్ అని చూపిస్తే ఇక ఆలోచించకు, మార్చాల్సిందే. ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలెయ్. పొద్దునకి ఒక్క ఎర్రర్ ఉన్నా అది మంచి ర్యామ్ కాదు. రెండు ర్యామ్ ముక్కలుంటే, ల్యాప్‌టాప్ విప్పడం తెలిసినవాడి చేత ఒకటి తీయించి, ఒక్కదానితో వేసి చూడు. అన్నట్టు, నువ్వు పరుపు మీద పెట్టి వేశావని నాకు తెలుసు. గాలి రంధ్రాలు మూసుకుపోయి కొలిమిలా కాగుతుంది. బల్ల మీద పెట్టు, ఛార్జర్ గుచ్చి ఉంచు. నీ బ్యాటరీ అరగంట కూడా ఆగదు, కరెంటు పోయిందంటే సగంలో చచ్చిపోతుంది.

రీస్టార్ట్ అయ్యాక మళ్ళీ భాష ఎంచుకోమని మొదటికొస్తే మాత్రం భయపడకు, అది ఫెయిల్ కాదు. పెన్‌డ్రైవ్ నుంచే మళ్ళీ బూట్ అవుతోంది, అంతే. మొదటి రీస్టార్ట్‌లో పెన్‌డ్రైవ్ పీకెయ్.

"ఈ పీసీలో విండోస్ 11 నడవదు" అన్న మెసేజ్ నీ ల్యాప్‌టాప్‌కి రాకూడదు. వస్తే బయాస్‌లో టీపీఎం, అంటే విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్, ఆఫ్ అయి ఉండొచ్చు. ఇంటెల్‌లో పీటీటీ అని రాసి ఉంటుంది, ఆన్ చేసి సేవ్ చెయ్. మరీ పాత మిషన్లదే వేరే కథ. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి, అలాంటివాటికి నేను లైనక్స్ మింట్ వేసి ఇస్తున్నాను. మీ అమ్మ పాతదాంట్లో ఉన్నదీ అదే, ఆవిడకి తేడా కూడా తెలీదు.

కీ కోసం టెన్షన్ పడకు. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లలో, విండోస్ 8 వచ్చినప్పటి నుంచీ కీ మదర్‌బోర్డులోనే ఉంటోంది. అడిగితే 'నా దగ్గర కీ లేదు' నొక్కి, ముందున్న ఎడిషనే వెయ్. నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోతుంది. క్రాక్ వేస్తానని ఎవడైనా అంటే వద్దను. ఇన్‌స్టాల్ చివర్లో వైఫై కనిపించకపోతే ఫోన్ కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చెయ్, ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి వస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా కాకపోతేనే షాపు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. మొదటి షాపులోనే ఇచ్చేయకు, రెండు మూడు చోట్ల అడుగు. "విండోస్ ఎక్కట్లేదు" అని ఊరుకుంటే మదర్‌బోర్డు దాకా లాగుతారు. "బయాస్‌లో ఎస్‌ఎస్‌డీ కనిపిస్తోంది, రెండు పెన్‌డ్రైవ్‌లు మార్చాను, ఫలానా శాతం దగ్గర ఈ కోడ్ వస్తోంది" అని నోట్‌బుక్ తెరిచి చెప్పు. మాట తీరే మారిపోతుంది. డిస్క్ మార్చాలంటే నీ ఎదురుగానే మార్చమను, పాతది అడిగి తెచ్చుకో. అందులో నీ ఫొటోలు, ఆధార్ కాపీలు అన్నీ ఉంటాయి.

నా దగ్గర 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఉంది, నిరుడు నాలుగు మిషన్లు దాంతోనే వేశాను. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళు, ల్యాప్‌టాప్ కూడా పట్టుకురా. పోయిన నెల గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చిన స్టీలు డబ్బా నీ దగ్గరే ఉంది, అదీ తే.

మీ పెద్దమ్మ