కుదిరింది అనే మాట గురించి

పర్లాకిమిడి
మార్గశిర గురువారం

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ అంది పది రోజులైంది. మూడుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు చేతిలో పెన్సిలు ఉంది. ముప్పై ఏళ్ళు బళ్ళో పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి కదా, ఊరుకోదు. ‘అందమైన’ అన్న మాట కనిపించినచోటల్లా కింద గీత గీశాను. ఏడు పేజీల్లో ఇరవై మూడు గీతలు పడ్డాయి. అందమైన ఉదయం, అందమైన మగ్గం, తాతయ్య అందమైన వేళ్ళు, అందమైన మౌనం. తాతయ్య దగ్గు దగ్గరికొచ్చేసరికి ఇక్కడ కూడా ఉంటుందేమోనని భయపడ్డాను గానీ, దగ్గుని వదిలేశావు.

కథతో పాటు పంపిన కాగితంలో మూడు ప్రశ్నలు వేశావు. అందం అంటే ఏమిటి, కళ ఎవరి కోసం, నేను రాసేది కళేనా అని. మూడోదానికి నేను జవాబు చెప్పను. ఇంకెవరైనా చెప్పినా నమ్మకు. మొదటి రెండూ నన్ను కూడా చాలాకాలంగా తినేస్తున్నవే కాబట్టి, వాటి గురించి నాకు తోచింది రాస్తాను.

ఇవాళ పొద్దున్నే పక్కింటి ఒడియావాళ్ళావిడ తడి బియ్యప్పిండితో మెట్ల మీద ఝొటి వేస్తోంది. మీ బరంపురంలో నువ్వు చూడనిదేమీ కాదు, వరి కంకులూ లక్ష్మమ్మ పాదాలూ. ఆవిడ వేళ్ళు పిండిలో ముంచి, మెట్టుకి ఆనించి, లాగుతుంది. గీత మొదట లావుగా ఉంటుంది, పోనుపోను సన్నబడి ఆగిపోతుంది. వేలిమీద పిండి అయిపోయిందన్నమాట. ఆ సన్నబడిన కొసే కంకికి ముల్లవుతుంది. గోడకి ఇవతల మా ఇంటావిడ పొడిపిండితో చుక్కల ముగ్గు వేస్తోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతుంటే గీత మొదటినుంచి చివరిదాకా ఒకే లావు. అది ఎక్కడా సన్నబడదు కాబట్టి చుక్కల చుట్టూ మెలికలు తిరిగి తిరిగి, మొదలైనచోటికే వచ్చి మూసుకోవాలి. ఝొటి మొక్కలా మొలుస్తుంది, ముగ్గు తాడులా చుట్టుకుంటుంది. రెండిళ్ళకీ బియ్యం తెచ్చేది ఒకే కొట్టు నుంచి. (ఈమధ్య ప్లాస్టిక్ స్టిక్కరు ముగ్గులొచ్చాయి. వాటికి తడీ లేదు, పొడీ లేదు. చీమలకి తిండీ లేదు.)

చిన్నప్పుడు మా అమ్మ సంక్రాంతికి పెద్ద ముగ్గు వేస్తే మా మేనత్త నడుం మీద చేతులు పెట్టుకుని చూసేది. ‘అందంగా ఉంది’ అని ఆవిడ అనగా నేనెప్పుడూ వినలేదు. ‘కుదిరిందే వదినా’ అనేది.

ఈ ఉత్తరమంతా ఆ మాట గురించే. పులుసు కుదిరింది అంటాం. శ్రుతి కుదిరింది, బేరం కుదిరింది, సంబంధం కుదిరింది అంటాం. ‘నీ రోగం కుదురుస్తా’ అనే తిట్టు కూడా అక్కడిదే. వేటికవిగా ఉన్నవి, ఒకదానికొకటి పడనివి, సర్దుకుని సర్దుకుని ఇక కదపక్కర్లేకుండా కూర్చుంటే కుదిరింది అంటాం. గుండ్రటి అడుగున్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్టకి కుదురు అనే పేరుంది చూడు. నాకైతే అందం గురించి మనవాళ్ళు చేసిన ఆలోచనంతా ఆ గడ్డి చుట్టలో ఉందనిపిస్తుంది. అందంగా ఉంది అనటానికి దూరంగా నిలబడి చూస్తే చాలు. కుదిరింది అనాలంటే ముందు కుదరకుండా ఎలా పోతుందో తెలియాలి. అందుకే వండేవాళ్ళూ నేసేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఈ మాటే ఎక్కువ వాడతారు.

మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరు. బడి ఎగ్గొట్టి ఆ పనివాళ్ళ వసారాలో కూర్చునేవాణ్ణి. కొమ్ముకి మొదలంతా గుల్ల, కొన మాత్రం గట్టి. సెగ చూపిస్తే మెత్తబడుతుంది, వంచి పట్టుకుంటే చల్లారాక ఆ వంపులోనే ఉండిపోతుంది. ఒకసారి ఓ ముసలాయన ఒక గేదె కొమ్ము తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. కొంగ చేస్తాడని నేను కాచుకుని కూర్చున్నాను. ‘ఇది కొంగకి రాదు బాబూ’ అన్నాడు. మెడ తిరగాల్సినచోట సన్నటి నెర్రె ఉందట. దాన్ని రొయ్య చేశాడు. నెర్రె వెళ్ళి పొట్ట కిందికి, కాళ్ళు అతికేచోటికి చేరింది. అది అక్కడుందని నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు. ఏ బొమ్మ చేస్తే జనం మెచ్చుకుంటారన్నది ఆయన లెక్కలో లేనే లేదు. ఈ కొమ్ము దేనికి ఒప్పుకుంటుందో అదే చూశాడు.

ఇంకోటి. కొమ్ముని ఆకురాయితో రాస్తుంటే కాలిన వెంట్రుకల కంపు కొడుతుంది. వసారా అంతా అదే. కొంగ నునుపు గురించి రాసి ఆ కంపు వదిలేస్తే నువ్వు షోకేసు గురించి రాసినట్టు.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అటు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి. మా అక్క అత్తవారిది ఉద్దానమే. నాలుగో రోజుకి దారి దొరికి వెళ్ళి చూశాను. వచ్చి నెల తిరక్కుండా కథ రాశాను. పడిపోయిన కొబ్బరిచెట్లని జుట్టు విరబోసుకుని వరసగా సాష్టాంగపడిన ఆడవాళ్ళతో పోల్చాను. కథ అచ్చయింది, ఫోన్లు వచ్చాయి, ఆ పోలిక గురించే అందరూ అన్నారు. పత్రిక పట్టుకుని అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ అరుగుమీద కూర్చుని మొత్తం చదివాడు. మడిచి నా చేతికిచ్చి, ‘మా చెట్లు నీ కథలో బాగున్నాయిరా’ అన్నాడు. తర్వాత అన్నానికి లేవమన్నాడు. అంతకుమించి ఆ రోజుగానీ ఆ తర్వాతగానీ ఒక్క మాట అనలేదు. ఆ కథని నేను ఏ సంపుటిలోనూ వెయ్యలేదు.

పోలిక తప్పు కాదు. కొబ్బరాకు జుట్టులాగే ఉంటుంది. కానీ అది బస్సు కిటికీలోంచి చూసినవాడి పోలిక. ఆ చెట్లకి బిందెలతో నీళ్ళు మోసినవాడి పక్కన నిలబడితే జుట్టూ సాష్టాంగమూ తట్టవు. తుపాను తర్వాత నేను వెళ్ళిన రోజున బావ తోటంతా తిరుగుతూ లెక్కపెట్టాడు. పడినవాటిని కాదు, నిలబడ్డవాటిని. అవైతే తొందరగా అయిపోతాయి కదా అన్నాడు. పదకొండు. ఇది నా కళ్ళముందు జరిగింది, నా నోట్‌బుక్‌లో కూడా ఉంది. అందులో వర్ణన లేదని కథలోకి రానివ్వలేదు. ఎంత తెలివితక్కువవాణ్ణో చూడు.

ఈ తప్పుకి మన పాతవాళ్ళ దగ్గర పేరుంది, అనౌచిత్యం. రసం చెడిపోవడానికి అనౌచిత్యం తప్ప వేరే కారణమే లేదని 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు తేల్చేశాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకి అక్కడే క్షేమేంద్రుడు ఔచిత్యాన్నే పట్టుకుని ఒక పుస్తకం రాశాడు. వడ్డాణం మెడకీ హారం నడుముకీ పెట్టుకుంటే ఎవరు నవ్వరు అంటాడు. వడ్డాణం మంచి బంగారమే, హారమూ మంచి ముత్యాలదే. నా కొబ్బరిచెట్ల జుట్టు అచ్చంగా మెడలో వడ్డాణం.

శాస్త్రం ఎత్తాను కాబట్టి మనకి దగ్గరివాళ్ళిద్దరి తగువు కూడా విను. 14వ శతాబ్దంలో మన ఒడిశావాడే, విశ్వనాథ కవిరాజు, ‘వాక్యం రసాత్మకం కావ్యమ్’ అన్నాడు. రసం ఉంటేనే కావ్యం, లేకపోతే కాదు. మూడు వందల ఏళ్ళ తర్వాత మన తెలుగువాడు, కోనసీమ ముంగండ జగన్నాథ పండితరాయలు, షాజహాను కొలువులో ఉన్నాయన, దీన్ని ఒప్పుకోలేదు. అలా అయితే నీళ్ళు వేగంగా పారడం, పడడం, ఎగరడం, సుళ్ళు తిరగడం గురించీ, కోతుల, పిల్లల ఆటల గురించీ మహాకవులు వర్ణించినవన్నీ ఎక్కడ పారేస్తావని అడిగాడు. రమణీయమైన అర్థాన్నిచ్చే శబ్దం ఏదైనా కావ్యమేనని తన నిర్వచనం తను చెప్పుకున్నాడు. కుర్రతనంలో నేను జగన్నాథుడి పక్షం, తెలుగువాడని. ఇప్పుడూ ఆయన పక్షమే, కారణం వేరు. ఊరికే సుళ్ళు తిరిగే నీళ్ళకి కూడా కావ్యంలో చోటిచ్చాడు చూడు, అది నీకు పనికొచ్చే సంగతి. మగ్గాన్ని వర్ణించడానికి తాతయ్య చచ్చిపోనక్కర్లేదు. నీ కథలో నాలుగో పేజీకే ఆయన్ని చంపేశావు, తొందరపడి. మగ్గం ఆడుతుంటే చాలు, నేను చదువుతాను.

ఇక కళ ఎవరి కోసం అన్నది. చాలా ఏళ్ళ కిందట గుణుపురం అవతల పుట్టాసింగి వైపు, తోటి మాస్టారితో కలిసి ఒక సవర ఇంటికి వెళ్ళాను. లోపల చీకటి. కాసేపటికి కళ్ళు అలవాటుపడ్డాక గోడమీద ఇత్తాల్ కనబడింది. ఎర్రమట్టి పూసిన గోడ, బియ్యప్పిండి తెలుపు, వెదురు పుల్లతో గీసిన గీతలు. ముందు చుట్టూ ఇల్లులాగా ఒక చట్రం గీస్తారు, దాన్ని మనుషులతో, గుర్రాలతో, చెట్లతో, సూర్యచంద్రులతో నింపుతారు. సైకిళ్ళూ విమానాలూ కూడా వచ్చి చేరాయని, ఆదివాసుల గురించి పరిశోధించిన వెరియర్ ఎల్విన్ 1950ల నాటికే రాసిపెట్టాడు. అది మనం చూడటానికి వేసింది కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పోయిన పెద్దల కోసమో, సోనుం అనే ఆత్మకి ఇల్లుగా వేస్తారు. వేశాక పూజారి ఆ ఆత్మని పిలిచి చూడమంటాడు. ఏదైనా తక్కువైందని తేలితే వేసినవాడు మళ్ళీ పుల్ల పట్టుకోవాలి.

ఇప్పుడవే బొమ్మలు కాన్వాసు మీద, చీరల మీద, ఆఫీసు గోడల మీద వస్తున్నాయి. నాకేం కోపం లేదు, నలుగురికి కూడు దొరుకుతోంది. కానీ కొనుక్కునేవాడు ఎప్పుడూ ‘ఇక్కడ తక్కువైంది’ అనడు. అనడానికి వాడికి తెలియాలిగా. నా తుపాను కథ చదివి ఫోన్లు చేసినవాళ్ళు కూడా ఎవరూ అనలేదు. అన్నది మా బావ ఒక్కడే. నీ కథకి అలా అనగలిగిన మనిషి మీ నానమ్మ అనుకుంటాను. ఆవిడకి చదివి వినిపించావా? ‘అందమైన మగ్గం’ అన్నచోట ఆవిడ మొహం చూడు.

నీ తెలుగు గురించి నీకు టెన్షన్ ఎక్కువైంది. బళ్ళో ఒడియా చదివాను, నా తెలుగు స్వచ్ఛంగా ఉండదు, తప్పులుంటే క్షమించండి అని రాశావు. ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పారు. ఇక్కడుండే సవర నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా కొట్లాడిన మనిషి కూడా ఆయనే. ఆ రెండు పనులూ ఒకే చెవి చేసిన పనులని నా నమ్మకం. ఆయన ఊరివాణ్ణయ్యుండి నేను నీ భాషకి వంక పెట్టను. పెడితే ఒక్కటే పెడతాను. మీ ఇంట్లో పొద్దున మగ్గం ఎక్కేముందు తాతయ్య తినేదాన్ని చద్దన్నం అని రాశావు. నిజంగా మీ ఇంట్లో దాన్ని అలాగే అంటారా? పఖాళొ అంటారని నాకు అనుమానం. రాత్రి నీళ్ళు పోసి పులియబెట్టి, ఆ నీళ్ళతో సహా తాగేది పఖాళొ. గుంటూరు పాఠకుడికి అర్థం కాదని మార్చేశావు. అతనికి ఆ గిన్నెలో నీళ్ళు కనబడేలా రాయి, అర్థమవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీసిన సరిహద్దు మీ తాతయ్య కంచంలోంచి కూడా పోయిందని వేరే చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

చివరగా, పెన్సిలుతో ఒకచోట గీత కాకుండా చిన్న టిక్కు పెట్టాను. మూడో పేజీలో. కుంభం అంచు నేస్తుండగా పోగు తెగింది. తాతయ్య దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి అతుకుతూ ఊపిరి బిగబట్టాడు, ‘నేనూ బిగబట్టాను’ అని రాశావు. అక్కడ ఒక్క విశేషణం లేదు. ఆ వాక్యం దగ్గర నేనూ చదవడం ఆపాను.

ఆ వెంటనే, ఆ రోజంతా తాతయ్య నానమ్మతో మాట్లాడలేదని ఒక ముక్క రాసి, ఇంద్రధనుస్సు మీదికి వెళ్ళిపోయావు. ఎందుకు మాట్లాడలేదు? పోగు ఆవిడ వల్ల తెగిందా? కండె చుట్టింది ఆవిడేనా? లేక అతుకు కనబడుతోందని ఆవిడ నోరుజారి అందా? నాలుగు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. అడిగి తెలుసుకుని, అది రాసి పంపు. పంపడం కంటే నువ్వే వస్తే మంచిది, నౌపడా మీదుగా రైలుంది. మా ఇంటావిడ పులుసు పెడుతుంది. కుదిరిందో లేదో నువ్వే చెప్పాలి, ఆవిడ నా మాట నమ్మడం ఎప్పుడో మానేసింది.

ఇట్లు,
మాస్టారు