దిగులు తగ్గాలంటే పట్టుదల ఎక్కడ పెట్టాలి?

(పాఠకుల ప్రశ్నలకు మానసిక వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టు కలిసి ఇస్తున్న జవాబులు. ఈసారి తెలుగు రాష్ట్రాలకు ఆనుకుని ఉన్న ఒడిశా, మహారాష్ట్ర జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు తీసుకున్నాం. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.)

ప్ర: నాకు 38 ఏళ్లు. నాలుగు నెలలుగా దేనిమీదా మనసు లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. వంట కూడా అత్తగారే చూసుకుంటున్నారు. అందరూ 'మనసు గట్టి చేసుకో' అంటారు. రాత్రి గట్టిగానే అనుకుంటాను, తెల్లారితే మళ్లీ అంతే. మందులు లేకుండా, పట్టుదలతో, మంచి అలవాట్లతో బయటపడలేనా? – ఒక గృహిణి, బరంపురం, గంజాం జిల్లా

జ: తేలికపాటి డిప్రెషన్ అయితే అలవాట్లు సరిదిద్దుకుని, కౌన్సెలింగ్ తీసుకుని మందులు లేకుండానే చాలామంది కోలుకుంటారు. అంతకు మించితే అలవాట్లు కావలసిందే గానీ, అవొక్కటే చాలవు. మీరు ఏ స్థాయిలో ఉన్నారో తెలియడానికి 'పీహెచ్‌క్యూ–9' అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల్లో ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర తేడాలు, నీరసం, ఆకలి తేడాలు, 'నేనెందుకూ పనికిరాను' అనిపించడం, ఏకాగ్రత కుదరకపోవడం, కదలికలు మందగించడం లేదా కుదురుగా కూర్చోలేకపోవడం, చావు ఆలోచనలు – ఈ తొమ్మిదింటికీ మార్కులు వేసుకోవాలి. అసలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగం రోజులకు మించితే 2, దాదాపు రోజూ ఉంటే 3. మొత్తం 5 నుంచి 9 అయితే తేలిక, 10 నుంచి 14 మధ్యస్థం. 15 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు. చివరి ప్రశ్నకు 0 కాకుండా ఇంకేం వచ్చినా మొత్తంతో పనిలేదు, వెంటనే చూపించుకోవాలి.

నాలుగు నెలలు, తెల్లవారుజాము మెలకువ, వంట కూడా చేయలేకపోవడం... ఇది తేలికపాటిదిలా కనిపించడం లేదు. మీ ఊళ్లోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఒకసారి వెళ్లండి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, షుగర్ పరీక్షలు అడిగి చేయించుకోండి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా అచ్చం ఇలాగే నిస్సత్తువ, దిగులు వస్తాయి. మాంసం, గుడ్లు, పాలు తక్కువగా తీసుకునేవారిలో బి12 లోపం మామూలే. అలాంటప్పుడు లోపాన్ని సరిచేయకుండా ఎంత పట్టుదల పట్టినా పని జరగదు.

ఇక పట్టుదల సంగతి. దిగులు పోవాలని పంతం పట్టడం, జ్వరం దిగాలని పంతం పట్టడం లాంటిదే. మన అధీనంలో ఉన్నది మూడ్ కాదు, చేయాల్సిన పని. ఎన్నింటికి లేస్తాం, ఎక్కడికి వెళ్తాం, ఎవరితో మాట్లాడతాం, ఇవి కొంతవరకు మన చేతిలో ఉంటాయి. ఈ జబ్బులో 'కాస్త బాగుంటే చేద్దాం' అనిపిస్తుంది. చేయకపోవడంతో సంతోషపెట్టేవి, 'చేయగలిగాను' అనిపించేవి ఒక్కొక్కటే రోజులోంచి జారిపోతాయి, దిగులు ఇంకా పెరుగుతుంది. అందుకే మూడ్ కోసం ఎదురుచూడకుండా ముందు పని మొదలుపెట్టాలి. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స ఈ సూత్రం మీదే నడుస్తుంది.

మొదటి వారం ఏమీ మార్చకండి. ఒక నోటుబుక్కులో గంట గంటకూ ఏం చేశారో, అప్పుడు మనసెలా ఉందో 0 నుంచి 10 వరకు అంకె వేయండి. రోజంతా 'సున్నా' అనుకునేవాళ్లకు కూడా పేజీలో ఎక్కడో 3, 4 కనిపిస్తాయి. అవి ఏ పనుల దగ్గర వచ్చాయో చూడండి. రెండో వారం నుంచి రోజుకు మూడే పనులు: ఒకటి ఒంటికి, ఒకటి ఇంటికి, ఒకటి మనుషులతో. ఎంత చిన్నవంటే, మీకు బాగా లేని రోజున కూడా చేయగలిగేటంత. నోటుబుక్కులో ఇలా ఉంటుంది:

'6.30 – డాబా మీద 10 నిమిషాలు నడక. ముందు 2, తర్వాత 3.
10.00 – కూర ఒక్కటే తరిగాను. వంట అత్తయ్యదే. ముందు 2, తర్వాత 2.
5.00 – చెల్లికి ఫోను, 5 నిమిషాలు. ముందు 1, తర్వాత 4.'

రెండో వరుసలో అంకె మారలేదు చూశారా. ఫర్వాలేదు. ఒక్కో పనికీ కాకుండా వారం మొత్తం మీద అంకె పెరిగిందా అని చూడాలి.

ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చెప్పుకుందాం. మొదటి రోజే గంట నడక, ఇల్లంతా సర్దడం, టిఫిన్ నుంచి రాత్రి వంట దాకా అన్నీ తలకెత్తుకుంటారు. మూడో రోజు కుదరదు, 'చూశావా, నా వల్ల కాదు' అని మానేస్తారు. అనుకున్నదాంట్లో సగమే పెట్టుకోండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చేయొద్దు, ఆ రోజు పని ఆ రోజుకే. 'సాయంత్రం నడుస్తాను' అంటే నడవరు, '5.30కి ముఖం కడుక్కున్న వెంటనే చెప్పులు వేసుకుంటాను' అంటే నడుస్తారు. నడకను మెల్లగా పెంచుతూ, వారానికి ఐదు రోజులు 30 నిమిషాలకు చేర్చండి. మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగం చాలు. ఉదయం ఎండ కంటికి తగిలేలా నడిస్తే నిద్రవేళలు కూడా కుదురుకుంటాయి.

నిద్ర విషయంలో లేచే సమయమే ముఖ్యం. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే టైముకు లేవాలి. మూడింటికి మెలకువ వచ్చి ఇరవై నిమిషాలు దాటినట్టనిపిస్తే మంచం దిగి, మసక వెలుతురులో బట్టలు మడతపెట్టడం లాంటి పని చేసి, నిద్ర వస్తున్నప్పుడే తిరిగి వెళ్లండి. గడియారం చూడొద్దు, ఫోను ముట్టొద్దు. పగటి కునుకు మూడింటి లోపు, అరగంటకు మించకుండా. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు.

మీ వైపు చాలామంది ఆడవాళ్లు పళ్లకు గుడాకు రుద్దుతారు, మీరు రాయలేదు గానీ అడగక తప్పదు. అది పొగాకే. రుద్దిన కాసేపు హాయి, తర్వాత చిరాకు, మళ్లీ రుద్దాలనిపించడం. ఆ హాయిని చూసి దిగులుకు మందనుకోకండి. మానేసిన మొదటి రెండు నుంచి నాలుగు వారాలు మనసు మరింత ముడుచుకుపోయినట్టుంటుంది, అది తగ్గిపోతుంది. డిప్రెషన్ చికిత్స మొదలై కాస్త నిలదొక్కుకున్నాక మానితే తేలిక. జాతీయ క్విట్‌లైన్ 1800–11–2356.

మీ ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకు రమ్మని, జనంలో తిరిగితే మనసు మారుతుందని ఇంట్లోవాళ్లు బలవంతం చేస్తారు. అంత జనంలోకి ఇప్పుడే వద్దు. ముందు ఒక్క మనిషి, పది నిమిషాలు. అత్తగారికి కూడా ఒక మాట: 'లేచి తిరుగు' అని కోడలికి చెప్పే బదులు, పక్కన కూర్చుని కూరగాయల పళ్లెం ముందు పెట్టండి.

ప్ర: మా అన్న పత్తి, మిర్చి సాగు చేస్తాడు. రెండేళ్లుగా అప్పులు. నెల నుంచి ఎవరితోనూ మాట్లాడడు, తిండి సరిగా తినడు. 'ఉండి ఏం లాభం' అంటున్నాడు. వదినకు భయంగా ఉంది. గట్టిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని ఊరుకుంటున్నాం. – సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జ: ఈ రోజే అడగండి. 'అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగానే. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. లోపల దాచుకున్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఉపదేశం మొదలుపెట్టకుండా, ఎప్పటి నుంచి, ఎలా అనుకుంటున్నాడు అని విని, ఒంటరిగా వదలకండి.

రెండో పని, ఇంట్లోంచి, పొలం గుడిసెలోంచి పురుగుమందు డబ్బాలన్నీ తీసేయండి. తాళం వేసి తాళంచెవి ఆయనకు తెలిసిన చోట పెట్టడం చాలదు. వేరే ఇంట్లో, నమ్మకమైన మనిషి దగ్గర పెట్టి, పిచికారీ రోజున కావలసినంతే తెచ్చుకోండి. ఆ తీవ్రమైన క్షణం సాధారణంగా కొద్దిసేపే ఉంటుంది. ఆ సమయంలో విషం చేతికి అందకపోతే మనిషి బతికే అవకాశం బాగా పెరుగుతుంది. దిగులుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి తేటపడి, బాకీలు అప్పగించడం, వస్తువులు పంచడం మొదలుపెడితే 'కుదుటపడ్డాడు' అనుకోకండి. అప్పుడే మరింత కనిపెట్టుకుని ఉండాలి.

14416 అనేది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ–మానస్ నంబరు. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. వదిన చేసినా సరే. ప్రమాదం ముంచుకొస్తే 108. గడ్చిరోలి మీకు దాదాపు రెండు వందల కిలోమీటర్లు. దగ్గరవుతుందనుకుంటే గోదావరి దాటి తెలంగాణ వైపు ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి, జిల్లా మనది కాదని వెనకాడొద్దు. 'పోలీసు కేసవుతుంది' అన్న భయం కూడా వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే పరిగణించి, సంరక్షణ, చికిత్స అందించాలి.

అప్పుల లెక్క మాట్లాడాల్సిందే గానీ ఈ వారం కాదు. నిద్ర, తిండి కాస్త కుదిరాక, ఎవరికెంత, ఎప్పటిలోగా అని ఒకే కాగితం మీద మీరు రాసిపెట్టి, పక్కన కూర్చుని చూపించండి. ఆయన తలలో అది కాగితం మీది కన్నా పెద్దదిగా ఉంటుంది.

ప్ర: బల్లార్‌పూర్ దగ్గర బొగ్గు గనిలో పని. వారం వారం షిఫ్టు మారుతుంది. నైట్ షిఫ్టు వారంలో పగలు మూడు గంటలు కూడా నిద్ర పట్టదు, క్వార్టరు వేస్తేనే పడుతుంది. ఏడాదిగా చిరాకు, ఏడుపు. ఖర్రా (పొగాకు, వక్క కలిపి నమిలేది) అలవాటు ఉంది. – చంద్రపూర్ జిల్లా

జ: క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. మద్యం కన్ను మూయిస్తుంది, కానీ నిద్ర రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది. అందుకే పడుకున్న నాలుగు గంటలకే గుండె దడతో లేస్తారు. ఏడుపు, చిరాకుల్లో దాని వాటా ఎంతో తెలియాలంటే కొన్ని వారాలు మానాక చూడాలి. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానకూడదు. 6 నుంచి 48 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, తికమక మాటలు మొదలైతే ప్రాణాపాయం. జిల్లా ఆస్పత్రిలో చెప్పి, మందుల సాయంతో మానండి. థయామిన్ (విటమిన్ బి1) కూడా వాళ్లే ఇస్తారు.

పగటి నిద్రకు: డ్యూటీ దిగి ఇంటికి వచ్చేటప్పుడు నల్లకళ్లద్దాలు పెట్టుకోండి. కిటికీకి నల్లగుడ్డ, ఫోను వేరే గదిలో. రాగానే తేలిగ్గా తిని పడుకుని, ఎంత పట్టితే అంత పోనిచ్చి, సాయంత్రం డ్యూటీకి వెళ్లేముందు గంటన్నర మరోసారి పడుకోండి. ఒకే ఎత్తున ఎనిమిది గంటలు కావాలని పట్టుబడితే ఆ కంగారుకే నిద్ర దూరమవుతుంది. టీ తాగితే షిఫ్టు మొదటి సగంలోనే తాగండి. ఖర్రాలో పొగాకూ వక్కా రెండూ ఉత్తేజపరిచేవే, నిద్రకు ముందు రెండు గంటలు దాని జోలికి పోకండి. మీ జిల్లా మే ఎండల్లో 45 డిగ్రీలు దాటిన పగలు, కూలర్ లేని గదిలో ఈ చిట్కాలేవీ పనిచేయవు. డబ్బు ముందు కూలర్ మీద పెట్టండి. డిప్రెషన్ నిర్ధారణ అయితే కొంతకాలం నైట్ షిఫ్టు తప్పించమని డాక్టరు చేత కాగితం రాయించి కంపెనీ వైద్యాధికారికి ఇవ్వొచ్చు.

ప్ర: డాక్టరు దిగులు తగ్గడానికి ఎస్సిటలోప్రామ్ అనే మందు రాశారు. పది రోజులు వాడాను. కడుపులో వికారం తప్ప మార్పేమీ లేదని మానేశాను. అలవాటైపోతుందని కూడా భయం. పైగా డాక్టరుకు తెలుగు రాదు, నాకు ఒడియాలో మనసులోది చెప్పడం రాదు. – రాయగడ

జ: పది రోజులకు తేడా తెలియకపోవడమే ఎక్కువ. దుష్ప్రభావాలు మొదటి వారంలోనే వస్తాయి, మేలు రెండు నుంచి నాలుగు వారాలకు మొదలవుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. మధ్యలో మానేసేవాళ్లలో చాలామంది వికారం పడి, మేలు చూడకుండానే ఆపినవాళ్లు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. ఇవి వ్యసనమయ్యే మందులు కావు. అయితే నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే తల తిరగడం, కరెంటు కొట్టినట్టు అనిపించడం, నిద్రలేమి వస్తాయి, అందుకే మెల్లగా తగ్గిస్తారు. అలవాటయ్యేవి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలామ్ లాంటి నిద్ర మాత్రలు. రెండూ ఒకటే అనుకుని మంచి మందుకు చెడ్డపేరు తెస్తున్నారు.

భాషకు ఒక ఉపాయం. ఇంటి దగ్గరే తెలుగులో అర పేజీ రాసి, ఒడియా బాగా వచ్చినవాళ్ల చేత పక్కన రాయించి తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, బరువు తగ్గిందా, వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, నొప్పి మాత్రలేవైనా వాడుతున్నారా (ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది), గర్భం ఉందా, మద్యం అలవాటుందా. ఇంట్లో ఎవరికైనా, మీకైనా ఎప్పుడైనా వారం రోజులు నిద్ర లేకుండానే హుషారుగా తిరగడం, చేతికొచ్చినట్టు ఖర్చు చేయడం, ఆగకుండా మాట్లాడటం జరిగి ఉంటే ఆ వాక్యాన్ని కాగితంలో అన్నిటికన్నా పైన రాయండి. అది బైపోలార్ (దిగులు, అతి హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు) అయ్యుండొచ్చు, దానికి ఇదే మందు ఒంటరిగా ఇస్తే ఆ హుషారు తిరగబెట్టొచ్చు.