పడవ కంటే ముందు ట్రైలర్ చూడరా

చిన్నా,

కేటలీనా 22 తెరచాప పడవ బేరం కుదిరేలా ఉందని నువ్వు పంపిన ఫోటోలు చూశాను. పడవవి పద్నాలుగు, దాన్ని కారు వెనక లాక్కెళ్ళే ట్రైలర్ బండిది ఒక్కటి, అదీ సగమే. డల్లాస్ నుంచి టెక్సోమా సరస్సుకి లాక్కెళ్ళేది నువ్వే కదా, డబ్బు కట్టే ముందు టార్చి పట్టుకుని దాని కిందికి దూరు.

పడవే 2,200 పౌండ్ల పైమాట. ట్రైలర్, మోటారు, పెట్రోలు, మీ ఆవిడ సర్దే కూలర్ అన్నీ కలిస్తే 3,500 దాకా పోతుంది, అంచేత సరిగ్గా 3,500 లాగే కారుతో సరిపెట్టుకోకు. టైరు మీద చివరి నాలుగంకెలు చదువు: 2317 అంటే 2017లో 23వ వారం. టైరు గాళ్ళు కొత్తగానే ఉన్నాయి అంటాడు అమ్మేవాడు, వినకు, ఆరేళ్ళు దాటితే మార్చాల్సిందే.

ఇక బేరింగులు. హైవే మీద వచ్చిన వేడి హబ్‌లను (చక్రం మధ్యలో బేరింగులుండే భాగాలు) నేను అలాగే నీళ్ళలో దించేవాణ్ణి. లోపలి గాలి ఒక్కసారి చల్లబడితే హబ్ నీళ్ళు పీలుస్తుందని అప్పుడు తెలీదు. ఐ-45 మీద, హంట్స్‌విల్ దాటాక కాలిన వాసన, చక్రం కాస్త ఒరిగింది. విప్పి చూస్తే గ్రీజు పాలకాఫీ రంగులో ఉంది! ఎండలో నాలుగు గంటలు కూర్చున్నాం, మీ పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది. పడవ దించే ర్యాంపు పక్కన మాస్ట్ (తెరచాప స్తంభం) ఎత్తడానికి ఎలాగూ అరగంట పడుతుంది (ముందు పైన కరెంటు తీగలు లేవని చూసుకో), ఈలోపు హబ్‌లు చల్లారతాయి.

550 పౌండ్ల కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) ప్రయాణంలో కేబుల్‌కి వేలాడకూడదు, కింద చెక్క మీద ఆనాలి. ట్రైలర్ మీది పక్క బంకులు (ఆనుడు దిమ్మెలు) పడవ ఒరక్కుండా పట్టుకోవడానికే.

ట్రైలర్ ముందు కొస మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పడాలి. తక్కువైతే ట్రైలర్ కారు వెనక తోకలా అటూ ఇటూ ఊగుతుంది. ఇంట్లో తూకం యంత్రం అంత బరువు మొయ్యదు కాబట్టి గట్టి దుంగ ఒక కొస ఇటుక మీద, రెండో కొస మూడడుగుల దూరంలో యంత్రం మీద పెట్టి, ఇటుక నుంచి అడుగు దూరంలో ట్రైలర్ కొస ఆనించు, వచ్చిన అంకెని మూడుతో గుణించు. తేడా ఉంటే వించి (పడవని లాగి కట్టే చక్రం) స్తంభం జరుపు, పడవా దాంతో జరుగుతుంది.

టంగ్ ఎక్స్‌టెన్షన్ (ట్రైలర్ ముందు కొసని పొడిగించే కడ్డీ) మాత్రం వెల్డర్ చేతే చేయించు. అది లేకపోతే పడవ తేలేలోపు నీ కారు తేలుతుంది. వెనక రెండు నిలువు పైపులు కూడా పెట్టించు, గాలి వీస్తుండగా పడవలో తిరిగొచ్చేటప్పుడు నీళ్ళలో ట్రైలర్ ఎక్కడుందో కనపడదు.

శనివారం వెళ్తున్నావుగా, కింద నుంచి తీసిన ఫోటోలు పంపు.

బాబాయి