షీట్‌లో నిద్రకి కూడా ఒక కాలమ్ పెట్టు

అమ్మలూ,

నువ్వు తయారుచేసిన ఎక్సెల్ షీట్‌ని మీ నాన్న నిన్న రాత్రి నా ఫోన్‌కి పంపించాడు. ఉద్యోగంలో చేరడానికి ఇంకా నెల టైముందని, ఈలోపు మూడు సిరీస్‌లు పూర్తి చేస్తావని, ఏ రోజు ఏ ఎపిసోడో కూడా రాసుకున్నావని ఒకటే మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. సరదాకి కూడా ఇంత పద్ధతిగా లెక్క వేసుకునే పిల్ల మా వంశంలో ఇంతవరకు లేదు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గడీ చూశాను. పేరు, సీజన్, ఎపిసోడ్, నిమిషాలు, తేదీ అన్నీ ఉన్నాయి. నిద్ర ఎక్కడా లేదు. అప్పట్నుంచి టెన్షన్‌గానే ఉంది, అందుకే తెల్లారగానే రాస్తున్నాను.

నీ కూడికలో తప్పు లేదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ 73 ఎపిసోడ్లు, దగ్గర దగ్గర 70 గంటలు. బ్రేకింగ్ బ్యాడ్ 62, ఒక్కోటి 47 నిమిషాల చొప్పున 49 గంటలు. ఫ్రెండ్స్ ఒక్కోటి 22 నిమిషాలే అయినా 236 ఉన్నాయి కాబట్టి 87 గంటలకి తేలుతుంది. మొత్తం 206. 30 రోజులకి పంచితే రోజుకి ఏడు గంటలు. మరి నీ రోజులో ఆ ఏడు గంటలు ఎక్కడున్నాయి తల్లీ? నిద్రకి ఎనిమిది తీసెయ్. ద్వారకా నగర్‌లో కంప్యూటర్ క్లాసు, గాజువాక నుంచి రానూపోనూ దారి కలిపి నాలుగు. స్నానం, తిండి, బట్టలు మూడు. మీ అమ్మకి సాయం, నానమ్మ మందులు రెండు. మిగిలేవి సరిగ్గా ఏడు. అంటే నెల మొత్తంలో నీకు ఒక్క గంట కూడా ఖాళీ లేదు. చందనోత్సవానికి సింహాచలం వెళ్తే క్యూలోనే రోజు గడిచిపోతుంది. ఆవకాయ రోజున కాయలు తుడవడానికి నువ్వు లేకపోతే మీ అమ్మ ఊరుకుంటుందా? కరెంటు పోతుంది, చుట్టాలు వస్తారు. ఆ గంటలన్నీ నువ్వు నిద్రలోంచే తీస్తావు. పైగా 47 నిమిషాల ఎపిసోడ్ 47 నిమిషాల్లో అవ్వదు. మధ్యలో లేస్తాం, అర్థం కానిది వెనక్కి జరిపి చూస్తాం, ఎవరో ఫోన్ చేస్తారు. ఇంట్లో నలుగురి మధ్య చూసేటప్పుడు దాన్ని గంట కింద రాసుకోవడమే మంచిది.

సగటు వేసి గుణించకు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎనిమిదో సీజన్‌లో ఉన్నవి ఆరే, కానీ మూడోది ఒక్కటే 82 నిమిషాలు, ఆ తర్వాతి మూడూ 80కి అటూ ఇటూ. అలాంటివి సెలవు రోజుకి పెట్టుకో. టైటిల్స్ దాటేస్తే 73 ఎపిసోడ్లకి కలిపి రెండు గంటల దాకా మిగులుతుంది, దానికి నాకు అభ్యంతరం లేదు. ఒకటిన్నర స్పీడులో చూడటం మాత్రం వద్దు. మనిషి మాట్లాడకుండా కూర్చున్న సీన్‌ని కూడా పరిగెత్తిస్తే ఇంక చూడటం దేనికి? ఫోన్ డేటా మీద హెచ్‌డీ పెట్టకు, గంటకి మూడు జీబీ దాకా లాగేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మీ నాన్న ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదని నీకు తెలుసు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డానని నీతో చెప్పాడు. అది నిజం కాదు. నేను చెప్పానని కోప్పడితే కోప్పడనీ.

1991లో మేం కంచరపాలెంలో ఉండేవాళ్లం. అప్పట్లో వీసీపీ, అంటే టీవీకి తగిలించి క్యాసెట్లలో సినిమాలు వేసుకునే పెట్టె, అద్దెకి ఇచ్చేవారు. సాయంత్రం తెచ్చుకుంటే పొద్దున్న తిరిగి ఇచ్చెయ్యాలి. వీధిలో వాళ్లంతా తలా ఇంత వేసుకునేవాళ్లు. ఆ రోజు మీ నాన్న నాలుగు క్యాసెట్లు తెచ్చాడు. వాడూ నీలాగే లెక్క వేశాడు. ఒక్కో సినిమా రెండున్నర గంటలు, నాలుగింటికి పది. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే తెల్లవారుజామున నాలుగింటికి అయిపోతుంది, గంట కునుకు తీసి ఆరింటికి పొద్దుటి షిఫ్ట్‌కి వెళ్లిపోవచ్చు. అప్పుడు గాజువాక వైపు ఓ ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు, నీకంటే ఏడాదే పెద్ద. రెండో సినిమా మధ్యలో కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. బొమ్మ గెంతుతుంటే వీసీపీ లోపల క్యాసెట్‌ని చదివే హెడ్ తుడిచాం. ఒక్కో క్యాసెట్ వెనక్కి తిప్పడానికి కొంత, మీ నానమ్మ అందరికీ అన్నాలు పెట్టడానికి కొంత పోయింది. ఐదింటికి నాలుగో సినిమా ఇంకా నడుస్తూనే ఉంది. అద్దె డబ్బు దండగవుతుందని వాడు లేవలేదు. క్లైమాక్స్ చూసి, మొహం కడుక్కుని, మోపెడ్ తీశాడు.

ఎన్ఏడీ జంక్షన్ దాటాక రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీకి వెనక నుంచి గుద్దుకున్నాడు. భుజం ఎముక రెండు చోట్ల విరిగింది. దెబ్బ ఇంకో జానెడు పక్కకి జరిగి ఉంటే తలకి తగిలేదని డాక్టరు మా నాన్నతో అన్నాడు. ఆసుపత్రి మంచం మీద మీ నాన్న నాతో చెప్పిన మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. "నిద్రపోలేదక్కా, కళ్లు తెరిచే ఉన్నాయి. లారీ మాత్రం కనబడలేదు." రాత్రంతా మేలుకున్న మనిషికి అలాగే అవుతుంది. కళ్లు తెరిచి ఉండగానే మెదడు కొన్ని క్షణాలు నిద్రలోకి జారుకుంటుంది, ఆ సంగతి మనకే తెలీదు. 24 గంటలు మెలకువగా ఉండి బండి నడపడమంటే మందు తాగి నడపడం లాంటిదే.

నువ్వు రోజూ ఆ జంక్షన్ మీదుగానే క్లాసుకి వెళ్తున్నావు. ఇప్పుడు ఫ్లైఓవర్ వచ్చింది, లారీలు మాత్రం అప్పటికంటే ఎక్కువయ్యాయి. వీసీపీ పోయి నెల సబ్‌స్క్రిప్షన్ వచ్చింది. గడువులోపు పూర్తి చెయ్యకపోతే డబ్బు వృథా అన్న ఆలోచన మాత్రం అదే. డబ్బు పోతే పోనీ, ఇంకో నెలకి నేను కడతాను.

మా రోజుల్లో ఇలా లేదని నిన్ను సాధించడానికి రాయడం లేదమ్మా. దూరదర్శన్‌లో మహాభారత్ 94 ఎపిసోడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. కూడి చూడు, అదీ 70 గంటలే, నీ గేమ్ ఆఫ్ థ్రోన్స్ అంత. 1988 నుంచి 1990 దాకా ఆదివారం ఆదివారం చూశాం. వారమంతా కర్ణుడి గురించి మీ తాతయ్యతో వాదించేదాన్ని. అంత నిదానం నీకు కుదరదు, అర్థమవుతుంది. చివర్లో ఓ చిక్కుముడి పెట్టి ఆపేస్తే మనసు ఆగదనీ తెలుసు. అందుకని ఎపిసోడ్ చివర ఎప్పుడూ ఆపకు. తర్వాతిది పది నిమిషాలు చూడు, ఆ చిక్కు కాస్త విడుతుంది, అప్పుడు ఆపితే నిద్ర పడుతుంది. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆప్షన్‌ని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈ రోజే ఆపెయ్. రాత్రి పదకొండు తర్వాత టీవీ వద్దు. ఈ ఒక్కదాంట్లో బేరం లేదు.

షీట్‌లో ఫ్రెండ్స్ తీసెయ్. 22 నిమిషాల ఎపిసోడ్లు ఉద్యోగంలో చేరాక ఆఫీసు బస్సులో చూసుకోవచ్చు, తొందరేం లేదు. మిగతా రెండూ 119 గంటలు, రోజుకి నాలుగు. సింహాచలానికీ ఆవకాయకీ మిగిలిన మూడు గంటల్లోంచే చోటు వస్తుంది. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి, కాళ్లు మడిచి సోఫాలో అలాగే ఉండిపోకు. మీ అమ్మ కంచం టీవీ ముందుకి తెస్తే తీసుకోకు, లేచి వెళ్లి తిను. ఆవిడ మోకాళ్ల సంగతి నీకు తెలీనిది కాదు.

బ్రేకింగ్ బ్యాడ్ నాతో కలిసి చూస్తావా? సబ్‌టైటిల్స్ నేను నెమ్మదిగా చదువుతాను, ఓపిక పట్టాలి మరి. క్లాసు అయ్యాక సీతమ్మధార వచ్చేస్తే ఇక్కడే భోంచేసి, ఏసీ వేసుకుని, సాయంత్రం దాకా మూడు ఎపిసోడ్లు చూడొచ్చు. సోమవారం నుంచి మొదలుపెడదాం. రాత్రి ఆలస్యంగా పడుకున్న రోజు మాత్రం బండి తియ్యకు, బస్సులో రా.

మీ అత్త