అక్క పెళ్లిలో తోడిపెళ్లికూతురు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అక్క పెళ్లికి నేనే తోడిపెళ్లికూతుర్ని. తను వేసుకునే తెల్ల గౌనుకు వెనకాల బారెడు తోక ఉంది. విందు మొదలయ్యేలోపు దాన్ని పైకి మడిచి కట్టాలట. టైలరమ్మ ఒకసారి చేసి చూపించారు గానీ నాకేమీ గుర్తులేదు. పైగా వీపు నిండా చిన్న చిన్న గుండీలు. భయంగా ఉంది.

జవాబు: ఆ మడత ఏ రకమో ముందు కనుక్కోండి. ఎక్కువగా రెండు రకాలుంటాయి. పైమడత అయితే తోకను బయటినుంచి ఎత్తి, నడుము దగ్గరి గుండీలకో హుక్కులకో తగిలిస్తారు. చేసే పని కళ్లకు కనబడుతూ ఉంటుంది కాబట్టి తేలిక. లోమడతకు గౌను లోపల పైనొకటి, కిందొకటి చొప్పున రిబ్బన్ల జతలు ఉంటాయి. వాటిని ముడి వేసుకుంటూ పోతే తోక లోపలికి ముడుచుకుంటుంది. దీనికి మీరు గౌను కిందికి దూరి, ఫోన్ వెలుతురులో కట్టాలి. ఒక్క జత తారుమారైనా తోక ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది. అందుకే జతజతకూ అంకె రాయించండి, లేదంటే వేర్వేరు రంగుల దారం కుట్టించండి.

చివరి కొలతలకు వెళ్లినప్పుడు వీడియో తీయండి, కానీ దాన్ని నమ్ముకుని ఊరుకోవద్దు. టైలరమ్మ చూస్తుండగా మీ చేతులతో రెండుసార్లు కట్టి విప్పండి. అప్పుడు అక్క కాళ్లకు పెళ్లిరోజు చెప్పులే ఉండాలి. మడమ ఎత్తు మారితే అంచు నేలకు తగిలే తీరు కూడా మారిపోతుంది.

కట్టాక తెగేది సాధారణంగా గుండీకి తగిలించే దారపు ఉచ్చే. తోక బరువంతా నాలుగైదు చోట్ల వేలాడుతుంటుంది. ఎవరో అంచు తొక్కడమో, తను గౌను సర్దుకోకుండా కూర్చుని లేవడమో జరిగితే చాలు, పుటుక్కుమంటుంది. పెద్ద పిన్నీసులు నాలుగు దగ్గరుంచుకోండి. పిన్నీసును లేసుకో పైనుండే పలుచని పొరకో పెట్టారంటే చిరుగుతుంది. కుట్టు ఉన్నచోట, లోపలి అస్తరుతో కలిపి, అడ్డంగా పెట్టండి. నిలువుగా పెడితే బరువుకు జారుతుంది.

గుండీల సంగతి. చాలా గౌన్లలో వాటి కింద జిప్పు ఉంటుంది, ముందు అది వేసేయండి. తర్వాత 2 లేదా 3 మిల్లీమీటర్ల క్రోషా సూది (కొన కొక్కెంలా ఉండే అల్లిక సూది) తీసుకోండి. సూదిని ఉచ్చులోంచి దూర్చి, గుండీ మెడను కొక్కేనికి తగిలించి, ఉచ్చును దాని మీదుగా లాగండి. గోళ్లతో కుస్తీ పడితే అరగంట పట్టే పని ఇలా ఎంతో త్వరగా అవుతుంది. చేతులకు క్రీము ఉండకూడదు, శాటిన్ మీద వేలిముద్ర పడితే పోదు. ఇంత చేసినా గౌను తొడగడానికి 30 నిమిషాలు విడిగా పెట్టుకోండి. గౌను వేశాక అక్క వంగలేదు కనుక చెప్పులు తొడగాల్సింది మీరే.

ప్రశ్న: చేతిసంచిలో ఏం పెట్టుకోవాలి? మరక పడితే ఏం చేయాలి?

జవాబు: తెల్ల దారం ముందే ఎక్కించిన సూదులు రెండు, చిన్నా పెద్దా కలిపి డజను పిన్నీసులు, హెయిర్ పిన్నులు, రెండువైపులా అంటే టేపు, చిన్న కత్తెర, పౌడరు, తెల్ల సుద్దముక్క, మెత్తటి తెల్లగుడ్డ, మడమలకు ప్లాస్టర్లు, నీళ్లు తాగడానికి స్ట్రా. ఎక్కువగా వాడేది స్ట్రాయే, కానీ చాలామంది మరిచిపోయేదీ అదే.

మరకను మాత్రం రుద్దవద్దని బతిమాలి చెబుతున్నాం. లిప్‌స్టిక్, ఫౌండేషన్ జిడ్డు పదార్థాలు, రుద్దితే పోగుల్లోకి ఇంకుతాయి. పైన ఉన్నదాన్ని చెంచా అంచుతో గీకి తీసి, పౌడరు అద్ది, కాసేపాగి దులపండి. మిగిలిన గుర్తును సుద్దతో కప్పేయండి, ఫొటోల్లో కనబడదు. పట్టు శాటిన్ మీద నీళ్లు పోస్తే మరక పోయినా నీటి వలయం మిగులుతుంది. పిన్నీసు గుచ్చుకుని రక్తపు చుక్క అంటితే, చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో అద్దండి. వేడినీళ్లు తగిలాయంటే మరక గట్టిపడిపోతుంది.

ప్రశ్న: అంతసేపు నిలబడితే కళ్లు తిరుగుతాయని భయం. బొకే ఎలా పట్టుకోవాలో కూడా చెప్పండి.

జవాబు: మోకాళ్లు బిగబట్టి కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి మెదడుకు తగ్గుతుంది, అప్పుడే తూలిపోతారు. మోకాళ్లు కాస్త వదులుగా ఉంచి, మడమలు, పిక్కలు ఆడిస్తూ ఉండండి. పొద్దున ఏమీ తినకుండా వెళ్లొద్దు. చెమటలు పట్టి చూపు మసకబారితే మర్యాదకు ఆగకుండా వెంటనే కూర్చోండి.

బొకేను కంగారులో అందరూ గుండెల దాకా ఎత్తేస్తారు. బొడ్డు దగ్గర పట్టుకుని మోచేతులు వదులుగా ఉంచండి. నీళ్లలోంచి తీశాక కాడలు బాగా తుడవండి, లేకపోతే గౌను ముందు భాగమంతా చుక్కలే. ప్రమాణాల వేళ అక్క బొకే కూడా మీ చేతికే వస్తుంది. కాబట్టి మీది పట్టుకోవడానికి పక్కన ఎవరుంటారో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది. అంత గౌనుతో అక్క బాత్రూముకు ఎలా వెళ్తుంది?

జవాబు: మొహమాటం వద్దు, అందరికీ వచ్చే అవసరమే. పెద్ద బట్టసంచి అడుగు కత్తిరించి ఉంచండి. అక్క అందులో కాళ్లు పెట్టి నిలబడితే, మీరు సంచిని పైకి లాగుతూ గౌను పొరలన్నీ అందులోకి కుక్కండి. సంచి పిడుల్లోంచి తన చేతులు దూర్చుకుంటే గౌనంతా నడుము పైనే ఉంటుంది. నేల తడిగా ఉంటే ముందు తుడిచి, ఆ తర్వాతే తనను లోపలికి రానివ్వండి. మడత కట్టాక వెళ్తే బయటికి రాగానే రిబ్బన్లన్నీ ఒకసారి తడిమి చూడండి.

ప్రశ్న: మా అన్నయ్య పెళ్లి. వదిన కాబోయే ఆమె నన్ను తోడిపెళ్లికూతురుగా ఉండమంది. తన చెల్లెలు కూడా ఉంది. నేనేం చేయాలి?

జవాబు: గౌను, ముసుగు, బాత్రూము లాంటి దగ్గరి పనులు చెల్లెలికి వదిలేయండి, ఆ సమయంలో మీ వదినకు అలవాటైన చేతులే కావాలి. ఉంగరాలు ఎవరి దగ్గరున్నాయి, బండి ఎన్నింటికి, ఫొటోలకు మీ వైపు ఎవరెవరు రావాలి, ఇవి మీరు తీసుకోండి. మీ ఇంటివాళ్ల పేర్లు, ముఖాలు ఆ చెల్లెలికి తెలియవు. జాబితా కాగితం మీద రాసుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చు.