ఎముక దాకా ఉడకాలి అల్లుడూ

అల్లుడూ,

నువ్వు చేసిన ఫ్రైడ్ చికెన్ ఫొటోలు మీ అత్తయ్యా నేనూ కళ్లజోళ్లు పెట్టుకుని మరీ చూశాం. పైనేమో నల్లగా మాడింది. లెగ్ పీసు విరిస్తే ఎముక పక్కన మాంసం పచ్చిగా, జారుగా ఉంది. పిల్లలు తినకుండా పక్కన పెట్టేశారని రాశావు. బాధపడకు. కువైట్‌లో నేను వేపుడు పొయ్యి దగ్గరికి వెళ్లిన మొదటి నెలలోనే ఇలాంటి ముక్క ఒకటి చిన్నపిల్ల ప్లేటులోకి వెళ్లిపోయింది. ఆ తల్లి లోపలికి వచ్చి, పల్లెత్తు మాట అనకుండా ఆ ముక్కని నా ఎదురుగా విరిచి చూపించింది. ఆ తర్వాత అక్కడ పనిచేసిన పద్దెనిమిదేళ్లూ, ఏ వాయిలోనూ ఒక్క ముక్కైనా ఎముక దగ్గర చూసుకోకుండా బయటికి పంపలేదు.

పిండి మార్చాలా, మసాలా మార్చాలా అని అడిగావు. నీ పిండికి వచ్చిన లోటేం లేదు. పొరపాటు మంట దగ్గర జరిగింది. దానికంటే ముందు కోడి కొన్నచోట జరిగింది.

షాపులో కేజీ చికెన్ అనగానే కూరముక్కలు కొట్టి ఇచ్చేస్తారు. అవి దీనికి పనికిరావు. శుభ్రం చేశాక కేజీ, కేజీ వంద గ్రాములకు మించని కోడి అడుగు. ఇంకా పెద్దదైతే తొడ మందంగా ఉంటుంది, లోపల ఉడికేలోపు పైన మాడుతుంది. తోలుతో కావాలని కొయ్యకముందే చెప్పు. స్కిన్‌లెస్ అయితే తోలు మొత్తం లాగేస్తారు. తోలు ఉండాలంటే కోడిని వేడినీళ్లలో ముంచి ఈకలు పీకాలి, తర్వాత చెబితే లాభం లేదు. రెండు లెగ్ పీసులు, రెండు తొడలు, రెండు రెక్కలు, రొమ్ము ముక్కలు అడ్డంగా కొట్టించి నాలుగు. మొత్తం పది ముక్కలు.

మీ అమ్మ నాటుకోడి పంపిస్తానంటోందట. అది పులుసుకి ఉంచు. ఈ వంట అమెరికా దక్షిణాది రాష్ట్రాలది. 1824లో వర్జీనియా ఇల్లాలు ఒకామె రాసిన వంటల పుస్తకంలోనే ముక్కలకి ఉప్పు, పిండి పట్టించి కాగే కొవ్వులో వేయించమని ఉంది. అప్పట్లో అక్కడ అది వసంతకాలంలో చేసుకునే వంట. ఆ ఏడు పొదిగిన లేత కోళ్లు అప్పుడే చేతికొచ్చేవి. లేత కోడి కాబట్టే పావుగంట వేగితే చాలు. మన నాటుకోడి ముదిరిన కండ, నూనెలో ఎంతసేపు ఉంచినా సాగుతూనే ఉంటుంది.

కడగడం సంగతి. కుళాయి కింద పెట్టి కడిగితే ఆ తుంపర్లు గట్టు మీదా, పక్కనున్న కూరగాయల మీదా పడతాయి, పచ్చిమాంసంలోని క్రిములు వాటితోపాటే పోతాయి. కడగకపోతే మనసొప్పదనుకుంటే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, సింకు సబ్బుతో తోమేయ్. తర్వాత ముక్కల్ని గుడ్డతో బాగా ఒత్తి తుడువు.

ముందురోజు రాత్రి చెయ్యాల్సిన పని ఒకటుంది. నువ్వు వదిలేసింది ఇదే. కేజీ ముక్కలకి రెండు గ్లాసుల చిక్కటి పుల్లమజ్జిగ, రెండు చెంచాల ఉప్పు, చెంచాడు మిరియాలపొడి. అల్లం వెల్లుల్లి వెయ్యాలనిపిస్తే చెంచాడు ముద్దని పిండి ఆ రసం మాత్రం పొయ్యి, పిప్పి వద్దు. పిప్పి నూనెలో మాడి చేదెక్కుతుంది. ముక్కల్ని ఇందులో ముంచి ఫ్రిజ్‌లో ఎనిమిది గంటల నుంచి పన్నెండు గంటలు ఉంచు. రాత్రంతా ఉంటే ఉప్పు కండ లోపలికి దిగుతుంది, నీటిని పట్టి ఉంచుతుంది. మసాలా రుచి పైపైనే ఉండిపోతుంది, లోపలికి నిజంగా వెళ్లేది ఉప్పొక్కటే. నిమ్మకాయ పిండి రాత్రంతా ఉంచకు. మజ్జిగ పులుపు సాధువు, నిమ్మపులుపు పై కండని సున్నంలా పొడిపొడిగా చేసేస్తుంది.

పిండికి రెండు కప్పుల మైదా, అరకప్పు కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల కాశ్మీరీ కారం, చెంచాడు ఉప్పు, అరచెంచా బేకింగ్ పౌడర్. మన గుంటూరు కారం ఇందులో గుమ్మరించకు, త్వరగా నల్లబడుతుంది. ఘాటు కావాలంటే మజ్జిగలో వేసుకో. కలిపిన పిండిలో ఆ మజ్జిగే మూడు నాలుగు చెంచాలు చిలకరించి వేళ్లతో నలుపు, చిన్న చిన్న ఉండలు కడతాయి. పైన గరుకుగా పొరలు లేచేది ఆ ఉండల వల్లే. ముక్కని మజ్జిగలోంచి తీసి, కారేది కారనిచ్చి, పిండిలో పెట్టి అరచేత్తో గట్టిగా అదుము. అన్నీ అయ్యాక ఒక ఇరవై నిమిషాలు పళ్లెంలో వదిలెయ్. పొడిపిండి తడి పీల్చుకుని ముక్కని పట్టుకుంటుంది, ఫ్రిజ్ చలి కూడా కాస్త విరుగుతుంది. మంచులాంటి ముక్క నూనెలో పడితే నూనె ఒక్కసారిగా చల్లారిపోతుంది.

ఇక మంట. బరువైన లోతు మూకుడు తీసుకో, నూనె సగానికి మించకూడదు. వేరుశనగ నూనె మంచిది. నూనె 175 డిగ్రీలకి కాగాక ముక్కలు వెయ్యి, ఒక వాయికి మూడు నాలుగే. వెయ్యగానే వేడి పడిపోతుంది, దాన్ని 150, 160 మధ్య నిలబెట్టాలి. నువ్వేం చేశావంటే, పొగలు వచ్చేదాకా నూనె కాచి, పెద్దమంట మీదే ఆరు నిమిషాల్లో తీసేశావు. తొడ, లెగ్ పీసులకి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది, రెక్కలకి ఎనిమిది, పది. మధ్యమధ్య తిప్పు, మొదటి రెండు నిమిషాలు మాత్రం ముట్టుకోకు, పిండి ఊడిపోతుంది.

చెవి అక్కడే పెట్టుకో. ముక్క పడగానే చుర్రుమని పెద్ద చప్పుడు, పెద్ద బుడగలు. అది ముక్కలోని నీరు ఆవిరై బయటికి రావడం. ఆ ఆవిరి తోసుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి పెద్దగా పోదు. రానురానూ బుడగలు సన్నబడి చప్పుడు తగ్గుతుంది. అప్పుడు ఒక తొడ తీసి థర్మామీటరు ముల్లు ఎముకకి తగలకుండా పక్కన గుచ్చు. 74 డిగ్రీలు రావాలి, తొడకైతే 80 దాకా పోనిస్తే ఇంకా మెత్తగా ఉంటుంది. వంటకి వాడే థర్మామీటరు ఒకటి కొనుక్కో నాన్నా, పెద్ద ఖరీదేం కాదు. రంగు చూసి మోసపోతాం. లేత కోళ్లకి ఎముకలోని మూలుగ ఎరుపు బయటికి ఊరి, పూర్తిగా ఉడికాక కూడా పక్క మాంసం గులాబీరంగులో ఉంటుంది. నీ ఫొటోలో జారుగా ఉంది కాబట్టి అది పచ్చే.

తీసిన ముక్కల్ని కాగితం మీద ఒకదానిమీద ఒకటి పేర్చకు, హాట్‌బాక్సులో అసలే పెట్టకు. వాటి ఆవిరికి అవే మెత్తబడతాయి. బయటికి తీశాక చల్లారేటప్పుడే నూనె ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి మూకుడు మీదే గట్టిగా విదిలించి, గాలి ఆడే జాలీ మీద విడివిడిగా ఉంచు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. మేం కువైట్‌లో ప్రెషర్ ఫ్రైయర్‌లో, అంటే మూత బిగించి ఒత్తిడి మీద నూనెలో వేయించడానికే చేసిన యంత్రంలో చేసేవాళ్లమని ఎప్పుడో నీతో అన్నాను, దాని సంగతి వేరు. ఇంట్లో కుక్కర్‌లో నూనె పోసి మూత బిగించి వేయించడం ఎవరు చూపించినా నమ్మకు. మన కుక్కర్ రబ్బరూ, వాల్వూ 120 డిగ్రీల నీటి ఆవిరికి చేసినవి. అంతకు మించి కాగిన నూనె ఒత్తిడితో బయటికి చిమ్మితే మొహం, చేతులు మిగలవు. పిల్లలు తిరిగే వంటిల్లు అది. ఎప్పుడైనా మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకు, స్టవ్ కట్టేసి మూత పెట్టు.

మిగిలిన నూనె చల్లారాక వడకట్టి రెండు మూడు రోజుల్లో తాలింపులకి వాడెయ్. నల్లబడినా, నురగ కట్టినా పారెయ్యి, కొత్త నూనెలో కలపకు.

శనివారం రాత్రి మజ్జిగలో వేసి నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం మొదటి వాయి దిగగానే తొడముక్క విరిచి ఎముక పక్కన ఫొటో తీసి పంపు, దానితోపాటు థర్మామీటరులో ఎంత చూపించిందో కూడా రాయి. చూశాక రెండో వాయికి మంట ఎంత పెట్టాలో చెబుతాను.

మీ మావయ్య